జీడిపిక్కల కాటా చీటీలు రెండేసి పడుతున్నాయి, కంట్రోలర్‌లో ఎక్కడ చూడాలి?

పర్లాకిమిడి_కాటా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గజపతి, రాయగడ జిల్లాల్లో జీడిపిక్కలు కొనే కేంద్రాల కోసం ఒక వెబ్ ఏపీఐ నడుపుతున్నాం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఇంకా లోపలి ఊళ్లలో కాటా దగ్గరుండే గుమాస్తా ఫోన్‌లోనే చీటీ కొడతాడు. రైతు పేరు, ఊరు, బస్తాలు, నికర బరువు, తేమ శాతం, తరుగు, ధర, సరుకు కొన్న వ్యాపారి జీఎస్టీ నంబర్ అందులో ఉంటాయి. సర్వర్ వైపు ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 8, కంట్రోలర్లు (రిక్వెస్ట్‌లు అందుకునే క్లాసులు, వాటిలోని మెథడ్లే యాక్షన్లు), ఈఎఫ్ కోర్ (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ), ఎస్‌క్యూఎల్ సర్వర్. వీటికి ముందు, రిక్వెస్ట్‌లు తీసుకుని లోపలికి అందించే ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టాం.

తేలని విషయాలు ఇవి. ఒకే చీటీ రెండు, ఒక్కోసారి మూడుసార్లు టేబుల్‌లో పడుతోంది. లాగ్‌లో ఆ టైముకి 500 (సర్వర్ లోపం) కనిపిస్తోంది, మెసేజ్ "నో రూట్ మ్యాచెస్ ద సప్లయిడ్ వ్యాల్యూస్". కానీ సిగ్నల్ సరిగా లేని ఊళ్ల నుంచి 500 లేకుండా కూడా డబుల్ పడుతున్నాయి. కొన్ని చీటీల్లో బరువు సున్నా. పలాస వ్యాపారుల పేర్ల మీద చీటీ కొడితే చాలావరకు 400 (తప్పు రిక్వెస్ట్) వస్తోంది, యాక్షన్ మొదటి లైనులో పెట్టిన బ్రేక్‌పాయింట్ దాకా కూడా రావడం లేదు. చివరిది, తెలుగు, ఒడియా పేర్లు జేసన్‌లో బ్యాక్‌స్లాష్ యు కోడ్‌లుగా వస్తున్నాయి, పాత రికార్డుల్లో అయితే ఉత్త ప్రశ్నార్థకాలే.

పిక్కల సీజన్ నడుస్తోంది కాబట్టి యాప్ మొత్తం మార్చి అందరి ఫోన్లలో ఒకేసారి వేయించడం కుదరదు. సర్వర్ వైపు ఏం చేయొచ్చో, దేని తర్వాత ఏది చేయాలో చెప్పండి.


వంశధార_బ్యాకెండ్

ముందు ఆ 500 పని పట్టండి. మీ డబుల్ చీటీల్లో కొన్ని అక్కడే పుడుతున్నాయి.

ఆ మెసేజ్ డేటాబేస్‌ది కాదు. పోస్ట్ యాక్షన్ చివర క్రియేటెడ్‌ఎట్‌యాక్షన్ రిటర్న్ చేస్తున్నారు కదా, 201 (కొత్తది తయారైంది) కోడ్‌తో పాటు లొకేషన్ హెడర్‌లో కొత్త చీటీ యూఆర్‌ఎల్ పెట్టడం దాని పని. ఆ యూఆర్‌ఎల్ కట్టడానికి రూట్ (ఏ యూఆర్‌ఎల్ ఏ యాక్షన్‌కి వెళ్లాలో చెప్పే నమూనా) దొరకకపోతే ఈ ఎక్సెప్షన్ వస్తుంది. ఇది వచ్చే వేళకి మీ సేవ్‌చేంజెస్ అయిపోయి ఉంటుంది, చీటీ టేబుల్‌లో పడిపోయి ఉంటుంది. ఫోన్‌కి మాత్రం 500 అందుతుంది. యాప్ "పోలేదు" అనుకుని మళ్లీ పంపుతుంది, రెండో చీటీ పడుతుంది, మళ్లీ 500. మొత్తం యాక్షన్‌ని ట్రాన్సాక్షన్‌లో చుట్టినా లాభం లేదు. రిజల్ట్ అమలయ్యేది యాక్షన్ మెథడ్ ముగిసి, మీరు కమిట్ కొట్టిన తర్వాతే.

రూట్ ఎందుకు దొరకదంటే, చీటీ తెచ్చే మీ గెట్ యాక్షన్ పేరు "గెట్‌స్లిప్‌అసింక్" లాంటిదయి ఉండాలి. 3.0 వెర్షన్ నుంచి ఫ్రేమ్‌వర్క్ యాక్షన్ పేరు చివరి "అసింక్"ని కత్తిరించి "గెట్‌స్లిప్"గానే నమోదు చేసుకుంటుంది. మీరు నేమ్‌ఆఫ్ వాడితే పూర్తి పేరు వెళ్తుంది, రెండూ కలవవు. మూడు దారులున్నాయి. మెథడ్ పేరులోంచి అసింక్ తీసేయొచ్చు. లేదా యాడ్‌కంట్రోలర్స్ ఆప్షన్లలో సప్రెస్‌అసింక్‌సఫిక్స్‌ఇన్‌యాక్షన్‌నేమ్స్‌ని ఫాల్స్ చేయొచ్చు. లేదా గెట్ రూట్‌కి సొంత పేరు పెట్టి క్రియేటెడ్‌ఎట్‌రూట్ వాడొచ్చు. నాకు మూడోదే నచ్చుతుంది, రేపు ఎవరో మెథడ్ పేరు మార్చినా అది చెడదు.

పేరు సరిగ్గానే ఉంటే రూట్ వ్యాల్యూ చూడండి. రూట్‌లో "స్లిప్‌ఐడీ" అని ఉండి, మీరు ఇచ్చే ఆబ్జెక్ట్‌లో "ఐడీ" అని ఉన్నా ఇదే మెసేజ్ వస్తుంది.

ఇది సరిచేశాక 201 వస్తుంది. అప్పుడు లొకేషన్ హెడర్ ఒకసారి తెరిచి చూడండి. అందులో హెచ్‌టీటీపీఎస్ బదులు హెచ్‌టీటీపీ గానీ, మీ డొమైన్ బదులు లోకల్‌హోస్ట్ గానీ ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ నుంచి అసలు హోస్ట్, ప్రోటో హెడర్లు అందడం లేదన్నమాట. ఎన్‌జిన్‌ఎక్స్‌లో హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో సెట్ చేయండి. ప్రోగ్రామ్ ఫైల్‌లో యూజ్‌ఫార్వర్డెడ్‌హెడర్స్‌ని, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో చదవమనే ఆప్షన్‌తో, మిగతా మిడిల్‌వేర్‌కంటే ముందు పెట్టండి.


గుణుపురం_ఏపీఐ

500 పోయినా డబుల్స్ పూర్తిగా ఆగవు. సిగ్నల్ తెగినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. రిక్వెస్ట్ సర్వర్‌కి చేరింది, చీటీ సేవ్ అయింది, 201 బయల్దేరింది, దారిలో ఫోన్ టవర్ వదిలేసింది. సర్వర్ తన పని సరిగ్గానే చేసింది, ఫోన్‌కి మాత్రం టైమవుట్. రిక్వెస్ట్ పోలేదా, జవాబు పోయిందా అన్నది ఫోన్‌కి తెలిసే అవకాశమే లేదు. అందుకే పోస్ట్‌ని ఎన్నిసార్లు పంపినా ఒకే చీటీ పడేలా చేయడం సర్వర్ బాధ్యత.

పద్ధతి పాతదే. చీటీ పుస్తకంలో నంబర్ ముందే అచ్చయి ఉన్నట్టు, గుమాస్తా "కొత్త చీటీ" నొక్కగానే ఫోన్ ఒక జీయూఐడీ (మళ్లీ ఎక్కడా రాని పొడవాటి నంబర్) పుట్టించి తన లోకల్ డేటాబేస్‌లో దాచుకోవాలి. "పంపు" నొక్కినప్పుడు పుట్టిస్తే ఉపయోగం లేదు, రెండోసారి నొక్కితే రెండో నంబర్ వస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే జీయూఐడీ వెళ్లాలి. సర్వర్‌లో దానికి క్లయింట్‌స్లిప్‌ఐడీ అనే కాలమ్, దాని మీద యూనిక్ ఇండెక్స్ ఉండాలి. ప్రైమరీ కీగా మాత్రం పెట్టకండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రైమరీ కీ మామూలుగా క్లస్టర్డ్ ఇండెక్స్ అవుతుంది, వరుసలేని జీయూఐడీలతో పేజీలు చీలిపోతుంటాయి. ప్రైమరీ కీ ఐడెంటిటీ నంబర్‌గానే ఉండనివ్వండి.

యాక్షన్‌లో "ఈ జీయూఐడీ ఉందా? లేకపోతే ఇన్సర్ట్" అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఒకే చీటీ రెండు కాపీలు ఒకేసారి వస్తే రెండూ "లేదు" అనే చూస్తాయి, రెండూ ఇన్సర్ట్ చేస్తాయి. ఆపేది యూనిక్ ఇండెక్స్ మాత్రమే. కాబట్టి నేరుగా ఇన్సర్ట్ చేసి, డీబీఅప్‌డేట్‌ఎక్సెప్షన్ పట్టుకోండి. లోపలి ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ నంబర్ 2601 గానీ (యూనిక్ ఇండెక్స్) 2627 గానీ (యూనిక్ కన్‌స్ట్రెయింట్, ప్రైమరీ కీ) అయితేనే అది డూప్లికేట్. మిగతా ఏ నంబర్ అయినా మింగకుండా పైకి విసరండి. డూప్లికేట్ అయితే పాత చీటీని యాజ్‌నోట్రాకింగ్‌తో చదివి, వచ్చిన బరువు, ధర, రైతుతో పోల్చండి. అన్నీ ఒకటే అయితే 200తో పాత చీటీనే ఇచ్చేయండి, ఫోన్‌కి అదే కావాలి. నంబర్ అదే ఉండి బరువు వేరేదైతే 409 (పాతదానితో పొంతన లేదు) ఇవ్వండి. అది రీట్రై కాదు, యాప్‌లో ఎవరో పాత చీటీని దిద్ది మళ్లీ పంపారు, మనిషి చూడాల్సిందే.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. సేవ్ విఫలమైన ఎంటిటీ (టేబుల్‌లోని ఒక వరుసకి సరిపడే ఆబ్జెక్ట్), ఈఎఫ్ కోర్ మార్పులు గుర్తుంచుకునే చేంజ్‌ట్రాకర్‌లో "యాడెడ్"గానే మిగిలిపోతుంది. అదే డీబీకాంటెక్స్ట్‌తో తర్వాత ఆడిట్ లాగ్ రాయబోతే ఆ చీటీ మళ్లీ ఇన్సర్ట్‌కి వెళ్లి మళ్లీ 2601 వస్తుంది. ఎక్సెప్షన్ పట్టుకున్న వెంటనే చేంజ్‌ట్రాకర్ క్లియర్ కొట్టండి.

ఫోన్ వదిలేస్తే పని ఆపమని చెప్పే క్యాన్సిలేషన్ టోకెన్ గురించి ఒక మాట. జాబితాలు, రిపోర్టులు తెచ్చే గెట్ యాక్షన్లకి తప్పకుండా ఇవ్వండి, ఫోన్ వదిలేసిన క్వెరీలు సర్వర్‌ని తినవు. చీటీ సేవ్‌కి ఇస్తే, సిగ్నల్ తెగిన క్షణాన్ని బట్టి ఒక్కోసారి సేవ్ ఆగుతుంది, ఒక్కోసారి అయిపోతుంది. జీయూఐడీ ఉంటే రెండూ ఫర్వాలేదు, లేకపోతే రెండూ ప్రమాదమే. ఎనేబుల్‌రీట్రైఆన్‌ఫెయిల్యూర్ పెట్టి ఉంటే కమిట్ సమయంలో కనెక్షన్ తెగి ఈఎఫ్ కోరే రెండోసారి ఇన్సర్ట్ చేయొచ్చు, దాన్నీ ఈ ఇండెక్సే ఆపుతుంది.

యాప్ వైపు ఏ కోడ్‌కి ఏం చేయాలో కాగితం మీద రాసి ఇవ్వండి. నెట్‌వర్క్ లోపం, టైమవుట్, 408, 429, 500, 502, 503, 504 వస్తే అదే జీయూఐడీతో మళ్లీ పంపాలి. మొదట 2 సెకన్లు, తర్వాత 4, 8, అలా 5 నిమిషాల దాకా, కొంచెం అటూ ఇటూ జరుపుతూ. లేకపోతే టవర్ రాగానే అన్ని ఫోన్లూ ఒక్కసారి మీద పడతాయి. 401 వస్తే కొత్త టోకెన్ తెచ్చుకుని పంపాలి. 400, 409, 413, 415 వస్తే మళ్లీ పంపకూడదు, ఎన్నిసార్లు పంపినా జవాబు అదే. చీటీని ఎర్రగా చూపించి గుమాస్తాకి చెప్పాలి.

చీటీ ఫొటో కూడా పంపుతున్నారా? ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్ పరిమితి 1 ఎంబీ, ఫోన్ కెమెరా ఫొటో దాన్ని సులువుగా దాటుతుంది. అప్పుడొచ్చే 413 ఎన్‌జిన్‌ఎక్స్ ఇచ్చిన హెచ్‌టీఎంఎల్ పేజీ, జేసన్ కాదు. యాప్ దాన్ని జేసన్ అనుకుని చదవబోతే అక్కడ పడిపోతుంది. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ పెంచండి. ఏఎస్‌పీ డాట్‌నెట్ సొంత వెబ్ సర్వర్ కెస్ట్రెల్ పరిమితి 3 కోట్ల బైట్లు, అది మీకు సరిపోతుంది.


రాయగడ_డీబీ

బరువు సున్నా, 400, పేర్లు, ఈ మూడింటి గురించి నేను చెప్తాను.

బ్రేక్‌పాయింట్ తగలకపోవడానికి కారణం క్లాస్ మీద ఉన్న ఏపీఐకంట్రోలర్ యాట్రిబ్యూట్. మోడల్ చెల్లకపోతే యాక్షన్‌ని పిలవకుండానే అది 400 ఇచ్చేస్తుంది. జవాబు బాడీలో "ఎర్రర్స్" కింద ఏ ఫీల్డ్ ఎందుకు తప్పో ఉంటుంది. యాప్ ఆ బాడీ పారేసి "సర్వర్ లోపం" అని చూపిస్తుంటే గుమాస్తాకి ఏమీ అర్థం కాదు. సర్వర్ లాగ్‌లో కూడా కావాలంటే కాన్ఫిగర్‌ఏపీఐబిహేవియర్‌ఆప్షన్స్‌లో ఇన్‌వ్యాలిడ్‌మోడల్‌స్టేట్‌రెస్పాన్స్‌ఫ్యాక్టరీని మార్చి, లాగ్ రాసి, పాత ఫ్యాక్టరీనే పిలవండి. యాక్షన్‌లో మోడల్‌స్టేట్ వ్యాలిడా అని అడిగే లైన్లు ఉంటే తీసేయండి, వాటి కింది కోడ్ ఎప్పటికీ నడవదు.

పలాస వ్యాపారులకే 400 అంటే జీఎస్టీ నంబర్ రెగెక్స్ (నంబర్ ఆకారం సరిచూసే నమూనా) చూడండి. నంబర్ 15 అక్షరాలు, మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37. రెగెక్స్‌లో 21 మాత్రమే బిగించి ఉంటే పాతపట్నం దాటి వచ్చిన ప్రతి వ్యాపారీ ఆగిపోతాడు. చాలావరకు అన్నారు కాబట్టి, ఒడిశాలో కూడా రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లవి వెళ్తున్నట్టున్నాయి. రెండంకెలు, తర్వాత పాన్ 10 అక్షరాలు, తర్వాత మూడు, ఇంతవరకే రెగెక్స్‌లో ఉంచండి. పిన్‌కోడ్ ఫీల్డ్ ఉంటే అక్కడా ఇదే గొడవ. ఒడిశావి 7తో, ఆంధ్రవి 5తో మొదలవుతాయి.

బరువు సున్నా సంగతి. ప్రాపర్టీ టైప్ డెసిమల్ అయితే, జేసన్‌లో ఆ ఫీల్డ్ అసలు రాకపోయినా దానికి 0 ఉంటుంది. మీద రిక్వైర్డ్ యాట్రిబ్యూట్ పెట్టినా దాటిపోతుంది, ఎందుకంటే 0 కూడా విలువే. యాప్ ఫీల్డ్ పేరు ఒక్క అక్షరం తేడాగా పంపినా ఇదే ఫలితం, ఎవరూ అరవరు. టైప్‌ని నల్లబుల్ (ఖాళీగా ఉండగల) డెసిమల్ చేసి రిక్వైర్డ్ పెట్టండి, రేంజ్ కూడా పెట్టండి. బస్తా 80 కేజీలు కాబట్టి బస్తాల సంఖ్యకీ బరువుకీ పొంతన ఉందో లేదో ఐవ్యాలిడేటబుల్‌ఆబ్జెక్ట్‌లో చూడొచ్చు. కానీ విడి ఫీల్డుల తప్పులు ఉన్నంతసేపూ ఆ వ్యాలిడేట్ మెథడ్ నడవదు. అందుకే గుమాస్తా ఒక తప్పు దిద్దాక ఇంకో తప్పు బయటపడుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే ఎంవీసీ ఆప్షన్లలో వ్యాలిడేట్‌కాంప్లెక్స్‌టైప్స్‌ఇఫ్‌చైల్డ్‌వ్యాలిడేషన్‌ఫెయిల్స్‌ని ట్రూ చేయాలి.

ఇంకో సంగతి, కాటా మూడు దశాంశాలు ఇస్తే డేటాబేస్‌లో ఎన్ని నిలుస్తున్నాయో చూసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఈఎఫ్ కోర్ డెసిమల్‌ని మామూలుగా 18,2గా పెడుతుంది, మూడో అంకె చప్పుడు లేకుండా పోతుంది. బరువుకి హ్యాజ్‌ప్రెసిషన్ 10,3 ఇవ్వండి. ధర కిలోకి కడుతున్నారు కాబట్టి రైతుకి అది డబ్బు.

పోస్ట్ యాక్షన్ నేరుగా ఎంటిటీనే తీసుకుంటుంటే ఈరోజే ఆపండి. "డబ్బు ఇచ్చేశాం" అనే ఫ్లాగ్ ఆ ఎంటిటీలో ఉంటే, ఫోన్ నుంచి ఎవరైనా దాన్ని ట్రూ చేసి పంపొచ్చు. గుమాస్తా నింపే ఫీల్డులు మాత్రమే ఉన్న వేరే ఇన్‌పుట్ క్లాస్ రాసి, అక్కడినుంచి ఎంటిటీలోకి ఎక్కించండి.

పేర్ల విషయంలో మీకు రెండు వేర్వేరు సంగతులున్నాయి. బ్యాక్‌స్లాష్ యు కోడ్‌లు జబ్బే కాదు. సిస్టమ్ టెక్స్ట్ జేసన్ డిఫాల్ట్ ఎన్‌కోడర్ జాగ్రత్త కోసం ఇంగ్లిష్ కాని అక్షరాలన్నిటినీ అలా రాస్తుంది, ఫోన్‌లో పార్స్ కాగానే తెలుగు తెలుగుగానే వస్తుంది. లాగ్ చదవడానికి ఇబ్బంది, సైజు కూడా పెరుగుతుంది. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఇలా రాస్తే 6. మార్చాలంటే జేసన్ ఆప్షన్ల ఎన్‌కోడర్‌కి జావాస్క్రిప్ట్‌ఎన్‌కోడర్ క్రియేట్‌తో బేసిక్‌లాటిన్, తెలుగు, ఒరియా రేంజ్‌లు ఇవ్వండి. డాట్‌నెట్‌లో ఒడియా రేంజ్ పేరు ఇంకా ఒరియాయే, కొత్త పేరుతో వెతికితే దొరకదు. పొల్లు తర్వాత వచ్చే కనిపించని జాయినర్ అక్షరం తెలుగు రేంజ్‌లో లేదు, అదొక్కటి కోడ్‌గానే కనిపిస్తుంది, హాని లేదు.

ప్రశ్నార్థకాలది మాత్రం నిజమైన నష్టం. ఈఎఫ్ కోర్ స్ట్రింగ్‌ని అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వార్‌చార్‌గానే చేస్తుంది కాబట్టి ఆ పాత టేబుల్ ఎవరో చేత్తో వార్‌చార్‌గా కట్టి ఉంటారు. సేవ్ అయిన క్షణంలోనే అక్షరాలు పోయాయి, కాలమ్ టైప్ ఇప్పుడు మార్చినా ఆ పేర్లు తిరిగి రావు. కాగితం చీటీలు చూసి మళ్లీ ఎక్కించాలి. కొత్తవి పోకుండా ముందు ఆల్టర్ చేయండి. చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్‌లో స్ట్రింగ్ ముందు ఎన్ అక్షరం లేకపోయినా ఇదే జరుగుతుంది.


పర్లాకిమిడి_కాటా

చాలా థాంక్స్ అండీ. గెట్ యాక్షన్ పేరులో అసింక్ ఉన్నమాట నిజమే. రూట్ పేరు పెట్టి క్రియేటెడ్‌ఎట్‌రూట్ వాడాక 201 వస్తోంది. రెగెక్స్‌లో 21 మాత్రమే ఉంది, అదీ మార్చాం.

రెండు సందేహాలు మిగిలాయి. పాత యాప్ ఉన్న ఫోన్లు జీయూఐడీ పంపవు, వాటిని ఆపేస్తే ఆ కేంద్రాల్లో కొనుగోలు ఆగిపోతుంది. ఇప్పటికే పడ్డ డబుల్ చీటీలని ఎలా గుర్తుపట్టాలి? ఇంకొకటి, వేకువన వేసిన కాటా చీటీలు కొన్ని రిపోర్టులో ముందురోజు కింద పడుతున్నాయి. దీనికీ పై వాటికీ సంబంధం ఉందా?


గుణుపురం_ఏపీఐ

క్లయింట్‌స్లిప్‌ఐడీ కాలమ్‌ని నల్లబుల్‌గా పెట్టండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ యూనిక్ ఇండెక్స్‌లో రెండు నల్‌లు కూడా గొడవపడతాయి. కానీ నల్లబుల్ కాలమ్‌కి ఈఎఫ్ కోర్ మైగ్రేషన్ (టేబుల్ మార్పులు రాసే ఫైల్) తనంతట తానే "నల్ కానివాటికే" అని ఫిల్టర్ పెడుతుంది. మైగ్రేషన్ ఫైల్ తెరిచి ఆ ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. ఇండెక్స్ చేత్తో కడితే మీరే రాయాలి. పాత ఫోన్లు నల్‌తో నడుస్తాయి, కొత్తవాటికి రక్షణ ఉంటుంది. ఫోన్లన్నీ మారాక ఆ ఫీల్డ్‌ని తప్పనిసరి చేయండి.

ఈలోగా పాత ఫోన్ల కోసం బరువు, రైతు, కేంద్రం ఒకటే అయితే ఆపేద్దాం అనిపించొచ్చు. ఆపకండి. ఒకే రైతు ఒకే బరువున్న రెండు విడతలు నిజంగానే తేవచ్చు, సరిగ్గా తూచిన 80 కేజీల బస్తాలే అయితే మరీను. చీటీ తీసుకుని, "చూడాలి" అని గుర్తు పెట్టి వదలండి.

పాత డబుల్స్‌కీ అంతే. కేంద్రం, రైతు, బస్తాలు, బరువు, ధర, ఐదింటినీ గ్రూప్ చేసి, ఒకటికంటే ఎక్కువ ఉన్నవాటిలో సర్వర్‌కి చేరిన సమయం పక్కపక్కనే ఉన్నవి తీయండి. 500 లాగ్‌లోని సమయాలతో కలిపి చూస్తే రూట్ లోపం వల్ల పడ్డవి తేలిపోతాయి. మిగిలినవి కేంద్రాలకి పంపి కాగితం చీటీతో సరిచూడమనండి. డిలీట్ కొట్టకండి, "రద్దు" స్థితిలో పెట్టండి. డబ్బు చెల్లించిన చీటీ చెరిగిపోతే లెక్క తేలదు.


రాయగడ_డీబీ

వేకువ చీటీలది వేరే లోపం. యాప్ తేదీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోకి మార్చి పంపుతోంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు కాబట్టి, ఉదయం 5:30 లోపు వేసిన ప్రతి కాటా యూటీసీ ప్రకారం నిన్నటిదే. సర్వర్‌లో ఆ విలువ నుంచి నేరుగా తేదీ తీసుకుంటే తప్పు రోజు వస్తుంది.

పాత ఫోన్ల కోసం, వచ్చిన యూటీసీ సమయాన్ని "ఏషియా/కోల్‌కతా" టైమ్‌జోన్‌లోకి మార్చి, ఆ తర్వాతే తేదీ తీసి వేరే కాలమ్‌లో దాచండి. రిపోర్ట్ ఆ కాలమ్ మీదే నడవాలి. కొత్త యాప్‌లో కాటా తేదీని డేట్‌ఓన్లీ ఫీల్డ్‌గా విడిగా పంపమనండి, సంవత్సరం-నెల-రోజు వరుసలో. రోజు-నెల-సంవత్సరం వరుసలో పంపితే జేసన్ రీడర్ ఒప్పుకోదు. 400 వస్తుంది, ఎర్రర్స్‌లో ఆ ఫీల్డ్ పేరు డాలర్ గుర్తుతో మొదలై కనిపిస్తుంది. ఆ డాలర్ గుర్తు ఉందంటే తప్పు వ్యాలిడేషన్‌లో కాదు, జేసన్ చదవడంలోనే ఉందని అర్థం. ఫోన్ గడియారం తప్పున్న చోట్ల పనికొస్తుంది కాబట్టి సర్వర్‌కి చేరిన సమయాన్ని కూడా డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్‌గా పక్కన ఉంచండి. పైన గుణుపురం వారు చెప్పిన డబుల్స్ వెతకడానికి కావాల్సిన సమయం అదే.